ముందు కాపీ, తర్వాతే రిపేరు

ల్యాప్‌టాప్‌లో విండోస్ రాకుండా నల్లటి తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు కనిపించగానే, ఎవరికైనా చూపించి బాగుచేయించాలన్న ఆలోచన ముందుగా పుడుతుంది. మోటారు కాలినా, మిక్సీ ఆగినా, ఫోను తెర పగిలినా ఆ ఆలోచన సరైనదే. వస్తువు బాగైతే పని అయిపోయినట్టే. హార్డ్ డిస్క్ విషయంలో మాత్రం అలా కుదరదు. డిస్క్ కొత్తది కావాలంటే కొన్ని వేల రూపాయలకు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. దొరకనివి అందులోని పెళ్లి ఫొటోలు, సగం రాసిన థీసిస్, దుకాణం జీఎస్టీ లెక్కలు, చనిపోయిన పెద్దాయన మాటలు రికార్డు చేసిన ఆడియో. చిక్కేమిటంటే, డిస్క్‌ను మళ్లీ పనిచేయించడానికి చేసే పనుల్లో చాలావాటికి ఆ ఫైళ్ల మీద దయ ఉండదు. డిస్క్ బతకాలంటే ఫైళ్లు పోయినా ఫర్వాలేదన్న లెక్క మీదే అవి తయారయ్యాయి. కాబట్టి చెడిపోయిన డిస్క్ విషయంలో రిపేరు, రికవరీ ఒకే పనికి రెండు పేర్లు కావు. చాలాసార్లు అవి ఒకదానికొకటి అడ్డు. ముందు ఉన్నదున్నట్టు కాపీ తీసుకోవాలి, బాగుచేసే సంగతి ఆ తర్వాతే చూడాలి. ఈ వరుస తప్పడం వల్ల పోయే ఫైళ్లు, డిస్క్ చెడిపోవడం వల్లే పోయే ఫైళ్ల కంటే తక్కువేమీ కావని నా అభిప్రాయం.

దీనికి కారణం డిస్క్ లోపలి నిర్మాణంలోనే ఉంది. ల్యాప్‌టాప్‌లలో వాడే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్‌లో ఒకటో రెండో గుండ్రటి ప్లాటర్లు ఉంటాయి. చాలా డిస్కుల్లో అవి గాజువి, వాటి మీద అతి పలుచటి అయస్కాంత పూత ఉంటుంది. నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతాయి. ఆ వేగంలో ప్లాటర్ అంచు గంటకు 60 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంటుంది. దాని మీద చదివే, రాసే హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో, గాలి పొర ఆసరాతో తేలుతుంటుంది. తల వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు ఉంటుందంటే ఆ ఎడం ఎంత తక్కువో ఊహించుకోవచ్చు. నడుస్తుండగా ల్యాప్‌టాప్ కిందపడితే హెడ్ పూతను గీరేస్తుంది. గీరిన చోట సమాచారం పోవడంతో ఆగితే బాగుండేది. రాలిన పొడి లోపలే తిరుగుతూ, వంగిన హెడ్ కిందకు చేరి మరికొంత గీరుతుంది. అంటే దెబ్బ తిన్న డిస్క్‌ను ఆన్ చేసి ఉంచిన ప్రతి నిమిషమూ నష్టం పెరిగే నిమిషమే. 'టక్, టక్, టక్' అని ఒకే లయలో శబ్దం వస్తుంటే, హెడ్ తన జాడ తెలుసుకోలేక వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం. ఆ శబ్దం విని 'ఇంకోసారి ఆన్ చేసి చూద్దాం' అనుకోవడమే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

అన్ని వైఫల్యాలూ ఇలా యంత్రం దెబ్బ తిన్నవి కావు. డిస్క్ భేషుగ్గా తిరుగుతూ, ఫైళ్ల పట్టిక మాత్రం పాడైనవి, పొరపాటున డిలీట్ చేసినవి, ఫార్మాట్ కొట్టినవి చాలానే ఉంటాయి. ఇక్కడ రికవరీ ఎందుకు సాధ్యమవుతుందో తెలిస్తే ఏది చేయకూడదో కూడా తెలుస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో రాసి పెట్టే ఒక పట్టిక ఉంటుంది. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి ఫైలును పూర్తిగా తొలగించినప్పుడు, విండోస్ ఆ పట్టికలో 'ఈ చోటు ఖాళీ' అని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు, అదే భూమిని ఇంకొకరికి పట్టా చేసి వాళ్లు దున్నేస్తే మాత్రం పాత పంట ఆనవాలు కూడా మిగలదు. ఆ దున్నడమే కొత్త ఫైళ్లు రాయడం. ఫార్మాట్‌లోనూ తేడా ఉంది. 'క్విక్ ఫార్మాట్' కొత్త పట్టిక పెట్టి వదిలేస్తుంది, పాత ఫైళ్లలో చాలావరకు కింద పడి ఉంటాయి. 'ఫుల్ ఫార్మాట్' విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో డిస్క్‌ను చదివి పరీక్షించేది మాత్రమే. విస్టా నుంచి అది డిస్క్ అంతటా సున్నాలు రాస్తోంది. ఎక్స్‌పీ కాలంలో పని నేర్చుకుని, 'ఫార్మాట్ కొట్టినా ఫర్వాలేదు, సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు' అని ధీమాగా చెప్పేవాళ్లకు ఈ మార్పు తెలియకపోతే ఆ డిస్క్‌కు ఆశ లేనట్టే.

ఇక బాగుచేసే సాధనాల సంగతి. విండోస్‌లో ఉన్న 'చెక్ డిస్క్' ఉద్దేశం ఫైళ్ల పట్టికలో లెక్కలు ఒకదానితో ఒకటి పొసగేలా చేయడం. పొసగని ఎంట్రీ కనిపిస్తే దాన్ని తెంపేస్తుంది, తెగిన ముక్కలను పేరు లేని ఫైళ్లుగా మార్చి ఒక ఫోల్డర్‌లో పడేస్తుంది. పట్టిక శుభ్రమవుతుంది, విండోస్ మళ్లీ లేస్తుంది, ఫోల్డర్లు మాత్రం ఖాళీగా కనిపిస్తాయి. ఈ మార్పులన్నీ జరిగేది అసలు డిస్క్ మీదే, వెనక్కి తిప్పే దారి ఉండదు. బలహీనపడిన డిస్క్ మీద మొత్తం ఉపరితలాన్ని పరీక్షించే పద్ధతిలో దీన్ని నడిపితే, చదవలేని చోట పదేపదే ఆగి చదవడానికి గంటల తరబడి తంటాలు పడుతుంది. అప్పటికే దెబ్బ తిన్న హెడ్‌కు అదే చివరి పని కావచ్చు. 'విండోస్ కొత్తగా కొట్టేయడం' సంగతి చెప్పనే అక్కర్లేదు, 20 జీబీకి పైగా కొత్త సమాచారాన్ని పాత ఫైళ్లున్న చోటే పరుస్తుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్ చేసి అదే డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేసేవాళ్లూ ఉన్నారు. వెతకబోయే చోట తామే అడుగులు వేస్తున్నామని వాళ్లకు తట్టదు.

ఈ రంగంలో చేయి తిరిగినవాళ్లు చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. వాళ్లు ముందుగా డిస్క్ మొత్తాన్ని, ఫైళ్లనూ ఫోల్డర్లనూ పట్టించుకోకుండా, మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఇంకో మంచి డిస్క్‌లోకి ఉన్నదున్నట్టు ఎత్తుకుంటారు. దీన్నే ఇమేజ్ తీయడం అంటారు. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన 'జీఎన్‌యూ డీడీరెస్క్యూ' అనే ఉచిత ప్రోగ్రాం ఈ పనికి పేరు పొందింది. దాని తెలివి చూడదగ్గది. మామూలు కాపీ అయితే చదవలేని చోటు తగలగానే అక్కడే కూర్చుంటుంది, లేదా చేతులెత్తేస్తుంది. డీడీరెస్క్యూ అలాంటి చోటు తగిలితే ముందుకు దూకేసి, సులువుగా వచ్చేదంతా మొదట తీసేసుకుంటుంది. ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మొరాయించే చోట్లకు ఆఖర్న, కొంచెం కొంచెంగా వెళ్తుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కిందని ఆపినా, ఆ మ్యాప్ చూసుకుని ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. చావు దగ్గరపడిన డిస్క్‌లో మిగిలిన కొద్దిపాటి ప్రాణాన్ని ఏ పనికి ఖర్చు పెట్టాలన్న ఆలోచన దీని వెనుక ఉంది. పెద్ద ల్యాబుల్లో వాడే పీసీ-3000 లాంటి ఖరీదైన పరికరాలదీ ఇదే సూత్రం, కాకపోతే ఒక హెడ్ పాడైతే దాన్ని పక్కన పెట్టి మిగతా హెడ్లతో ముందు చదివించే అదుపు వాటికి ఉంటుంది. ఇమేజ్ చేతికొచ్చాక పట్టికను సరిచేయడానికి టెస్ట్‌డిస్క్, ముక్కల నుంచి ఫైళ్లను ఏరడానికి ఫొటోరెక్ లాంటివి ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు. చెక్ డిస్క్ కూడా నడపవచ్చు. తప్పు జరిగితే ఇంకో నకలు తీసుకుని మొదటికొస్తారు, అంతే.

ఈ వరుసకు బలమైన ఉదాహరణ కొలంబియా అంతరిక్ష నౌకది. 2003 ఫిబ్రవరి 1న భూమికి తిరిగివస్తూ అది ఆకాశంలోనే ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. నేల మీద పడిన శకలాల్లో జెనాన్ వాయువు మీద జరిపిన ఒక ప్రయోగానికి చెందిన హార్డ్ డిస్క్ దొరికింది. బయట కవచం కాలి, లోహం కరిగి, లోపలికి దుమ్ము చేరి గుర్తుపట్టలేనట్టుగా ఉంది. అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన ఆన్‌ట్రాక్ సంస్థ ప్లాటర్లను శుభ్రం చేసి, వేరే డిస్క్‌లోకి మార్చి, సుమారు 99 శాతం సమాచారాన్ని బయటికి తీసింది. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. అంత ఎత్తు నుంచి పడిన డిస్క్ నుంచి సమాచారం వచ్చినప్పుడు, బల్ల మీద నుంచి జారిన డిస్క్ నుంచి రాకపోవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. తేడా ఎక్కడుందో చూడండి. నౌక విడిపోయే సమయానికి ఆ ప్లాటర్లు తిరగడం లేదు. పాత డాస్ పద్ధతి కావడంతో సమాచారం చెల్లాచెదురుగా కాక ఒకచోటే ఉంది. ఇంకొకటి, నా దృష్టిలో ముఖ్యమైనది: దొరికాక 'నడుస్తుందేమో చూద్దాం' అని దానికి కరెంటు ఇచ్చినవాళ్లు లేరు. అది నిపుణుల చేతికే వెళ్లింది.

ప్లాటర్లు మార్చడం రిపేరు కాదా అని ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. రిపేరే, కానీ దాని లక్ష్యం వేరు. ల్యాబులో ప్లాటర్లో హెడ్లో మార్చేది ఆ డిస్క్ ఒక్కసారి చదవడానికి సరిపడినంత నిలబడితే చాలని. ఇమేజ్ పూర్తయ్యాక దాన్ని ఎవరూ మళ్లీ వాడరు. ఆ పనిని కూడా గాలిలోని దుమ్మును లెక్కగట్టి అదుపు చేసే గదిలో చేస్తారు. 'క్లాస్ 100' గది అంటే ఘనపుటడుగు గాలిలో అర మైక్రాన్, అంతకన్నా పెద్ద రేణువులు వందకు మించకూడదు. మామూలు గదిలో అవి లక్షల్లో ఉంటాయి. యూట్యూబ్ చూసి వంటింటి బల్ల మీద డిస్క్ మూత విప్పడం ఎందుకు కూడదో ఇంతకంటే వివరించనక్కర్లేదు.

'చెక్ డిస్క్ పెడితే మా డిస్క్ బాగైందే, ఏళ్లుగా వాడుతున్నాం' అనేవాళ్లు బోలెడంత మంది ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కరెంటు పోయి పట్టిక చిందరవందరైన ఆరోగ్యమైన డిస్క్‌ను చెక్ డిస్క్ నిజంగానే బాగుచేస్తుంది, అది పుట్టిందే అందుకు. అయితే మన ముందున్నది అలాంటి డిస్కా, చావుకు దగ్గరైనదా అన్నది పైనుంచి చూసి చెప్పడం కష్టం. 2007లో గూగుల్ పరిశోధకులు తమ సంస్థలోని లక్షకు పైగా డిస్కుల చరిత్రను పరిశీలించి ప్రచురించిన పత్రం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే లెక్కగట్టి చెప్పే 'స్మార్ట్' హెచ్చరికల్లో బలమైనవని తేలిన నాలుగింటిలో ఒక్కటి కూడా ఇవ్వకుండానే, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా చెడిపోయాయి. మరోవైపు ఉపరితల పరీక్షలో మొదటి తప్పు దొరికిన డిస్క్, అలాంటి తప్పు లేనిదానికంటే, రానున్న 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. అంటే హెచ్చరిక లేదని నమ్మడానికి లేదు, హెచ్చరిక వస్తే ఆలస్యం చేయడానికి లేదు. ముందుగా కాపీ తీసినవాడికి, డిస్క్ ఆరోగ్యంగానే ఉందని తేలితే, పోయేది ఒక పూట సమయం. తీయనివాడికి ఏం పోతుందో అతనికే తెలియాలి.

ఖర్చు సంగతి ఇంత తేలిగ్గా తీసేయలేం. ల్యాబులో హెడ్లు మార్పించాలంటే చాలా సందర్భాల్లో కొత్త ల్యాప్‌టాప్ ధర పలుకుతుంది, అందరూ పెట్టలేరు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మరో ఊళ్లోని కంప్యూటర్ల వీధిలోనో ఉన్న టెక్నీషియన్‌ను కూడా తప్పుపట్టలేం. సాయంత్రానికల్లా మిషన్ నడవాలని కస్టమర్ తొందరపెడితే అతను మిషన్‌నే నడిపిస్తాడు. కంపెనీ వారంటీదీ అదే ధోరణి, డిస్క్ బదులు డిస్క్ ఇస్తుంది తప్ప లోపలి ఫైళ్లకు పూచీ పడదు. అందుకే షాపులో ల్యాప్‌టాప్ పెట్టేటప్పుడు 'బాగుచేయండి' అనే బదులు 'ఏమీ చేయకుండా ముందు ఇమేజ్ తీయగలరా, తీస్తే ఏ డిస్క్‌లోకి తీస్తారు' అని అడగాలి. ఈ ప్రశ్నకు తడబడే చోట డిస్క్ వదిలి రాకపోవడం మేలు. డిస్క్ నుంచి వింత శబ్దాలేమీ లేకుండా, ఫైళ్లు మాత్రమే కనిపించకపోతే, కాస్త ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. డిస్క్‌ను విప్పి, కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ కేసులో పెట్టి, లైనక్స్ పెన్ డ్రైవ్‌తో ఆన్ చేసిన ఇంకో కంప్యూటర్‌కు తగిలించి డీడీరెస్క్యూ నడపాలి. ఏది అసలుదో, ఏది కొత్తదో పేరు తారుమారు కాకుండా రెండుసార్లు చూసుకోవాలి. విండోస్ ఉన్న కంప్యూటర్‌కు తగిలిస్తే 'ఫార్మాట్ చేయమంటారా', 'స్కాన్ చేసి సరిచేయమంటారా' అని అడుగుతుంది. రెండింటికీ వద్దనే చెప్పాలి. శబ్దం చేస్తున్న డిస్క్ అయి, ఇప్పుడు డబ్బు లేకపోతే, దాన్ని అలాగే పొడిగా ఉండే చోట దాచిపెట్టడం మంచి నిర్ణయమే. ఆపేసిన హార్డ్ డిస్క్‌లో అయస్కాంత ముద్రలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఆరు నెలల తర్వాత ల్యాబుకు పంపినా దాదాపు అదే ఫలితం వస్తుంది. ఈలోగా ప్రయోగాలు చేస్తేనే రాదు.

ప్రయోగాలంటే గుర్తొచ్చేది ఫ్రీజర్ చిట్కా. డిస్క్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే లేస్తుందని నెట్‌లో పాతికేళ్లుగా తిరుగుతోంది. పాత కాలపు డిస్కుల్లో కొన్ని రకాల లోపాలకు అది ఎప్పుడైనా ఫలించి ఉండొచ్చు. కానీ చాలా డిస్కులకు గాలి ఒత్తిడి సమం కావడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. గడ్డకట్టిన డిస్క్‌ను కాకినాడలోనో విశాఖలోనో ఉక్కపోత గాలిలోకి తీస్తే లోపల తేమ పట్టి, ప్లాటర్ మీద నీటి చుక్కలు నిలుస్తాయి. హెడ్ ఎగిరే ఎత్తు కంటే ఆ చుక్క ఎన్నో వేల రెట్లు పెద్దది. అదే మోడల్ డిస్క్ కొని సర్క్యూట్ బోర్డు మార్చే చిట్కాకూ కాలం చెల్లింది. ఇప్పటి డిస్కుల్లో ప్రతి దానికీ, దాని హెడ్లకు సరిపోయేలా ఫ్యాక్టరీలో సర్దిన విలువలు బోర్డు మీది చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌ను కూడా మార్చకుండా బోర్డు ఒక్కటే బిగిస్తే డిస్క్ తన హెడ్లనే సరిగా నడపలేదు.

తెలుగు ఫైళ్ల విషయంలో ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పట్టిక పూర్తిగా పోయినప్పుడు ఫొటోరెక్ లాంటివి ఫైళ్లను వాటి తొలి బైట్లను బట్టి గుర్తుపడతాయి. జేపెగ్ ఫొటో ఎప్పుడూ ఒకే రకం బైట్లతో మొదలవుతుంది కాబట్టి దొరికిపోతుంది. పేరు, ఫోల్డర్, తేదీ మాత్రం రావు. వేల కొద్దీ నంబర్ల ఫైళ్లలో మనకు కావాల్సిన వ్యాసాన్ని లోపలి మాటను బట్టి వెతుక్కోవాలి. యూనికోడ్‌లో టైపు చేసినదైతే తెలుగు మాటతో వెతికినా దొరుకుతుంది. కానీ మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో దశాబ్దాల పాటు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసిన సాహిత్యం రాశుల కొద్దీ ఉంది. ఆ ఫైలు లోపల కంప్యూటర్‌కు కనిపించేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు గుర్తుల గజిబిజి. ఫాంట్ వేస్తేనే తెలుగవుతాయి. 'కవిత' అని వెతికితే ఒక్కటీ రాదు, ఫైలు లేదనుకుని పారేసే ప్రమాదం ఉంది. అలాంటి డిస్క్ దొరికితే, ఫైలు ఏ ఫాంట్‌తో టైపయిందో ఆ ఫాంట్‌లోనే ఒక మాట టైపు చేసి, దాని ముడి గుర్తులు ఏమిటో చూసి, వాటితో వెతకాలి. మూతపడుతున్న ప్రింటింగ్ ప్రెస్సుల పాత కంప్యూటర్లు తూకానికి వెళ్లకముందు ఎవరైనా ఈ పనికి పూనుకుంటే బాగుండును.

ఇంతదాకా చెప్పింది తిరిగే డిస్కుల సంగతి. ఇప్పటి కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఎక్కువగా ఎస్‌ఎస్‌డీ, అక్కడ పైన చెప్పిన వాదనకు పరీక్ష ఎదురవుతుంది. 2009లో విండోస్ 7తో పాటు వచ్చిన 'ట్రిమ్' ఆదేశం వల్ల, ఫైలు డిలీట్ కాగానే ఆ చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి కబురు వెళ్తుంది. అది తీరిక చూసుకుని ఆ చోటును నిజంగానే తుడిచేస్తుంది. అడంగల్‌లో పేరు కొట్టేయడం, దున్నడం రెండూ దాదాపు ఒకేసారి జరిగిపోతాయన్నమాట. కంట్రోలర్ చిప్ చెడిపోతే ముందస్తు శబ్దం ఉండదు, నిన్నటిదాకా నడిచినది ఇవాళ కంప్యూటర్‌కు కనిపించదు. 2018 నుంచి వచ్చిన చాలా యాపిల్ ల్యాప్‌టాప్‌లలో సమాచారం బోర్డు మీది చిప్ తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మెమరీ చిప్‌లను పీకి చదివినా అర్థం లేని గుర్తులే వస్తాయి. విండోస్‌లోనూ బిట్‌లాకర్ తరహా ఎన్‌క్రిప్షన్ చాలా ల్యాప్‌టాప్‌లలో యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటోంది. దాని 48 అంకెల రికవరీ కీ లేకపోతే పక్కాగా తీసిన ఇమేజ్ కూడా పనికిరాదు. అది చాలాసార్లు మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా ఎవరి ఫోన్ నంబరు మీద తెరిచారో గుర్తులేకపోవడమే అసలు కష్టం. కాబట్టి ఎస్‌ఎస్‌డీ మన వరుసను తప్పని నిరూపించలేదు, ఇంకా ముందుకు జరిపింది. చెడ్డాక తీసే కాపీకి హామీ లేదు గనక చెడకముందే తీయాలి. 'అంతా క్లౌడ్‌లో ఉందిగా' అంటే, సింక్ అయ్యే ఫోల్డర్ కాపీలా ప్రవర్తించదు. ల్యాప్‌టాప్‌లో డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో అది 30 రోజులే ఉంటుంది. ఆ లోపు చూసుకోనివాళ్లే ఎక్కువ.

రికవరీ అయిందని కబురొస్తే డబ్బు చెల్లించేముందు ఫైళ్లను అక్కడే తెరిచి చూడాలి. పేర్ల జాబితా, జీబీల లెక్క చూసి సంతోషించకూడదు, పేరు వచ్చి లోపల సున్నాలుండే ఫైళ్లు ఉంటాయి. ముఖ్యంగా పెద్ద వీడియోలు డిస్క్‌లో ముక్కలుగా పడి ఉంటాయి కాబట్టి మొదటి నిమిషం ఆడి ఆగిపోవచ్చు, మధ్యలోనూ చివరా నడిపి చూడాలి. వచ్చినవాటిని కొత్త డిస్క్‌లోకే తీసుకుని, పాత డిస్క్‌ను తప్పకుండా వెనక్కి అడగాలి. అందులో ఆధార్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇంకా ఉంటాయి. మనకు సాధ్యమైన రికవరీ దాన్ని పాత సామాన్లకు కొన్నవాడికీ సాధ్యమే. ఫైళ్లన్నీ చేతికొచ్చాయని తేలాక, ఆ డిస్క్‌ను గోనెసంచిలో చుట్టి సుత్తితో గట్టిగా కొడితే గాజు ప్లాటర్లు పొడిపొడి అవుతాయి. అల్యూమినియంవైతే మూత విప్పి వంచాల్సి ఉంటుంది.